కచేరీలు తరలిన యొడ్డు



కోదాడనుండి యొక సోదరి మాకు జాబు వ్రాయుచు నిట్లడిగినది: "హైదరాబాదున మూసీ యొడ్డును బాగుచేయుదురట. అచ్చటి న్యాయస్థానమును, ఆసుపత్రిని వేఱొక చోటికి తరలింతురట. పత్రికల నిండ నిదియే గొడవ. దీనివలన మన వంటింటికి వచ్చునదేమి, పోవునదేమి?" గడచిన మాసమున ఊరగాయ జాడీలను గూర్చి వ్రాసితిమి గనుక ఈ మాసమున అప్పడముల సంగతి వ్రాయవలె ననుకొనియుంటిమి. అప్పడములు మఱియొక నెల యాగును. ఈ ప్రశ్న ఆగునది కాదు.

మూసీనది వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరమును నడుమగా చీల్చుకొని, మన సూర్యాపేట దాపునకు వచ్చి, మిర్యాలగూడ కావల వాడపల్లికడ కృష్ణలో కలియుచున్నది. పెద్దలు దీనిని ముచికుంద యని పిలిచిరి. నగరము ఎగువను, మనము దిగువను ఉన్నాము. ఎగువయింటివారు తొట్టి కడిగి పాఱబోసిన నీరు ఎవరి వాకిటికి వచ్చునో గృహిణులకు వేఱుగ చెప్పవలసిన పని లేదు. సోలిపేటకడ 1963లో పూర్తియైన మూసీ జలాశయమున 4.46 టి.ఎం.సి. నీరు నిలుచును. దాని కుడి యెడమ కాలువలక్రింద ముప్పదివేల యెకరములకు పైగా సాగగును. ఆ నీటిలో వానకాలపు వరదయెంతో, నగరపు మురికికాలువయెంతో ఎండకాలమున చూచిన వారికి తెలియును.

మా పట్టణమునకు ఎన్నో యేండ్లు త్రాగునీ రీ మూసీనుండియే వచ్చెడిది. బిందె మూతికి రెండు మడతల గుడ్డ కట్టుట, పటిక త్రిప్పుట, చిల్లగింజ అరుగదీయుట, పిదప కాచుట, ఇన్ని చేసినను చల్లారిన నీటిపై నొక తెట్టె తేలుచుండెడిది. వచ్చిన చుట్టములకు మంచినీ రిచ్చుటకే మొగమోటము. మిషన్ భగీరథ క్రింద కృష్ణాజలము వచ్చిన పిదపగాని ఆ బాధ తగ్గలేదు. అయినను త్రాగునీరు మాఱినంత మాత్రమున మూసీ మన యింటినుండి తొలగిపోయిన దనుకొనరాదు. నగరము దాటిన పిమ్మట ఆ మురికినీటితోనే ఒడ్డు పొడవునను పశువులగడ్డి పెంచుచున్నారు. ఆ గడ్డి మేసిన గేదెపాలే పాలకేంద్రమునకు చేరును. ఆకుకూరలును అట్లే. కావున కోదాడ సోదరి ప్రశ్నకు మొదటి యుత్తరము వంటింటి కుండలోనే యున్నది.

ఇక కచేరీల సంగతి.

హైదరాబాదు నదీతీరమునకు కచేరీలును ధర్మాసుపత్రులును వచ్చిన కథయే చిత్రమైనది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీకి వచ్చిన వరదలో వేలకొలది జనులు కొట్టుకొనిపోయిరి. పదునైదువేలమంది యని లెక్క చెప్పుదురు. అఫ్జల్‌గంజి కడ నొక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రతీతి. ఆ చెట్టు నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నది. వరద తీసిన పిదప నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఆయన ఒడ్డుమీద గోడ కట్టి ఊరకుండుడని చెప్పలేదు. ఎగువకు పోయి నీటిని పట్టుడని చెప్పెను. ఆ సలహా ఫలమే 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును. 1912లో నగరాభివృద్ధి మండలిని ఏర్పఱచి, ఒడ్డునగల యిరుకు బస్తీలను తీసివేసి, ఇరువైపుల గొప్ప భవనములను లేపిరి. ఒక గట్టున 1920లో ఉన్నత న్యాయస్థానము తెఱవబడినది. దాని చెంతనే సిటీ కళాశాల, ఎదుటి గట్టున ఉస్మానియా ఆసుపత్రి, ఆసఫియా గ్రంథాలయము. అనగా వరద భయపెట్టిన చోటనే ప్రభుత్వము తాను వచ్చి కూర్చుండెను. పల్లెటూరి రైతు వ్యాజ్యమునకు, పేద బాలెంతరాలు పురుటికి, విద్యార్థి పుస్తకమునకు అందఱు ఆ యొడ్డునకే పోవుచుండిరి. నాడుకూడ గుడిసెలు తీయబడినవి, నిజమే. కాని గుడిసెలు తీసిన చోట కట్టినవి అంగళ్ళు కావు, అందఱి యిండ్లు.

నేడు గడియారము వెనుకకు తిరుగుచున్నది. స్థలము చాలదనియు, వ్యాజ్యములు పెరిగినవనియు చెప్పి ఉన్నత న్యాయస్థానమును రాజేంద్రనగరమున వ్యవసాయ విశ్వవిద్యాలయపు భూములలో నూఱెకరములకు మార్చ నిశ్చయించి, 2024 మార్చి 27న శంకుస్థాపన చేసిరి. చెట్లు పోవునని అచ్చటి విద్యార్థులు అడ్డము తిరిగిరి. ఉస్మానియా ఆసుపత్రి కొఱకు గోషామహలునందు ఇరువదియాఱెకరములకు పైగా నేర్పఱచి, రెండువేల పడకల భవనమునకు 2025 జనవరి 31న శంకుస్థాపన చేసిరి. ఆసుపత్రి విషయమున మాకు వాదము లేదు. 2020 జూలైలో వానకు వార్డులలో నీరు నిలిచి, రోగుల మంచముల క్రింద పాఱిన నాటి చిత్రములు మనమెల్లరము చూచితిమి. ఆ నెలలోనే పాత భవనమును మూసివేసిరి. పండుకొన్నవారి మంచము క్రింద నీరు వచ్చిన యింటిని పట్టుకొని వ్రేలాడు మనుట కఠినత్వమే యగును.

అయితే ఇదే కాలమున, ఇదే యొడ్డున, మఱియొక పని జరుగుచున్నది. మూసీ నదీతీర అభివృద్ధి సంస్థ 2017లో ఏర్పడినను, 2024లో దానికి వేగము వచ్చినది. ఏబదియైదు కిలోమీటర్ల పొడవున నదిని తీర్చిదిద్ది, ఒడ్డున వ్యాపారములు, వినోదస్థలములు, ఎత్తైన భవనములు రప్పింతుమనిరి. ఆ సంవత్సరము శరత్కాలమున చాదరుఘాటు, మూసానగరు, శంకరనగరు ప్రాంతముల యిండ్ల గోడలపై ఎఱ్ఱరంగుతో మూడాంగ్లాక్షరములు వ్రాసిపోయిరి. బతుకమ్మ పండుగ దినములవి. వాకిట ముగ్గు వేసికొనవలసిన యింట గోడపై ఎవరో వచ్చి గుర్తు పెట్టిపోయిన ఆ స్త్రీల మనస్సెట్లుండెనో మేము చెప్పనేల? కొందఱు ప్రభుత్వమిచ్చిన రెండు గదుల యిండ్లకు తరలిరి, కొందఱు కదలమనిరి, కొందఱు న్యాయస్థానము మెట్లెక్కిరి. ఆ న్యాయస్థానముకూడ త్వరలో కదలనున్నదే!

న్యాయస్థానమును మార్చుట ఒడ్డు నమ్ముటకే యని మేమనము. అట్లని ఎవరును వ్రాసి యీయలేదు. కాని ఒడ్డు విడిచిన పెద్దభవనములును, ఒడ్డునకు రావలసిన పెద్దవ్యాపారములును ఒకే పటములో కనుపించినపుడు, ఇల్లాలు లెక్క చూడక మానునా?

హుస్సేన్‌సాగరముకడ ఈ లెక్క మఱింత తేటగా కనుపించినది. పాత సచివాలయము ఆ చెఱువుగట్టుకు దాపుననే యుండెడిది. 2014 నవంబరులో నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారు సాగరము చుట్టును ఆకాశము నంటు మేడలు వెలయింతుమనిరి. రెండు నెలలకు, 2015 జనవరిలో, మంత్రివర్గము సచివాలయమును ఎఱ్ఱగడ్డ ఛాతీ ఆసుపత్రి స్థలమునకును, ఆ క్షయరోగుల నందఱిని అనంతగిరికిని తరలింప తీర్మానించినది. సచివాలయపు వాస్తు చెడ్డదని ముఖ్యమంత్రిగారే చెప్పిరి. వాస్తుదోషము గలవాడు గుమ్మము మార్చుకొనును. ప్రభుత్వమైనచో ఊరు మార్చుకొనును గాబోలు. రెండు మాటలను జతచేసి చూచినవారు, ఒడ్డు ఖాళీ చేయుట మేడల కొఱకే యని ఆక్షేపించిరి. ఎఱ్ఱగడ్డ తలపు నిలువలేదు. నడుమ సికింద్రాబాదు మైదాన మొకటి తలచిరి, అదియు నిలువలేదు. తుదకు 2019లో ఉన్నచోటనే క్రొత్తది కట్ట నిశ్చయించి, 2020 జూలైలో పాతవి కూల్చి, 2023 ఏప్రిల్ 30న అంబేద్కరుగారి పేర క్రొత్త సచివాలయమును తెఱచిరి. ఇంతకు కచేరి సాగరమును విడువలేదు. ఆ యెనిమిదేండ్ల తర్జనభర్జనలో మేడల మాట మాత్రము ముందుకు సాగలేదు.

కచేరీని కదల్చినచో ప్రైవేటు ధనము వచ్చుననుటలో సూక్ష్మమేమన, కచేరి స్థలము సాయంకాలమైనచో తలుపు మూసికొనును, ఆదివారము నిర్జనమగును. అదే స్థలమున అంగళ్ళు, హోటళ్ళు, నివాసములు వచ్చినచో రాత్రియు వెలుగుండును, పురపాలకమునకు పన్ను వచ్చును, స్థలము నమ్మిన సొమ్ముతో గట్లు కట్టవచ్చును. ఇందు అబద్ధము లేదు. కోకాపేటలో 2023 ఆగస్టున వేలమువేసినపుడు ఎకరము 100.75 కోట్ల రూపాయలు పలికినది. అంత ధర చూచినపుడు ఏ ఖజానా మనస్సు చలింపదు? అయితే మన యిండ్లలో కష్టకాలమున కాసులపేరు కుదువబెట్టుట వేఱు, అమ్ముట వేఱని పెద్దలు చెప్పుదురు. కుదువబెట్టినది విడిపించుకొనవచ్చును. కౌలుకిచ్చిన భూమి తిరిగి వచ్చును. అమ్మిన యొడ్డు రాదు.

లండను నగరమున థేమ్స్ నది యొడ్డున కౌంటీ హాలను గొప్ప భవనము కలదు. 1922లో ఆ నగరపాలకులకొఱకు తెఱచిరి. 1986లో ఆ పాలకమండలి రద్దుకాగా, కొలది యేండ్లకు భవనమును ఒక జపానుదేశపు సంస్థ కొనుక్కొన్నది. నేడందు హోటళ్ళును, రుసుము తీసికొని చేపలను చూపు ప్రదర్శనశాలయు నున్నవి. చూడవచ్చినవారికి ముచ్చటగనే యుండును. నగరమునకు మరల పాలకమండలి వచ్చినపుడు మాత్రము పాతయింట అడుగిడుటకు వీలులేక వేఱొకచోట కచేరి వెదకుకొనవలసి వచ్చినది.

మన దేశమున అహమ్మదాబాదు సంగతి ఇంకను దగ్గరది. సబర్మతీతీరమును తీర్చుటకు 1997లో సంస్థ నేర్పఱచి, 2012నుండి ఒడ్డు బాటలను ప్రజలకు తెఱచిరి. పదివేల కుటుంబములకు పైగా గుడిసెలవారు దూరముగ తరలింపబడిరి. అచ్చటి నదిలో నిండుగా కనుపించునది నర్మద కాలువ జలము. నగరమువారు సాయంకాలము ఆ బాటపై నడచి సంతసింతురు. కాని వాసణా బరాజు దాటి దిగువకు పోయినచో, అదే నది మురికియు రసాయనములును కలసి నల్లనై పాఱుచున్నదని కాలుష్య నియంత్రణ మండలివారి పరీక్షలే చెప్పుచున్నవి. నగరము లోపల నది అద్దమువలె నుండి, దిగువ పల్లెకు మడ్డి మిగులుట! సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సోదరీమణులారా, మన భయమంతయు ఈ యొక్క మాటలోనే యున్నది. మనము దిగువవారము గదా.

హైదరాబాదునను గోదావరి నీటిని తెచ్చి జంటసాగరములలో పోసి మూసీని కడుగుదుమనిరి. 2025 సెప్టెంబరు 8న ఆ గోదావరి పథకమునకు శంకుస్థాపన జరిగినది. తేదలచిన యిరువది టి.ఎం.సి.లలో రెండున్నఱ మూసీకొఱకు. మంచిదే. మురికినీటిని శుద్ధిచేయు కేంద్రములు ముప్పదియొకటి కట్టుటకు 3,866 కోట్లతో 2021లోనే పని మొదలిడిరి. అదియే అసలు పని. గచ్చుబాట, దీపస్తంభము, పూలతొట్టి అన్నియు దాని పిమ్మట. ఇంటికి అల్లుడు వచ్చుచున్నాడని దొడ్డి కడుగక ముందు గదికి సున్నము కొట్టినట్లు కారాదు. 2024 నవంబరు 8న ముఖ్యమంత్రి రేవంతరెడ్డిగారు భువనగిరి జిల్లా వలిగొండ మండలమున సంగెముకడ మూసీ వెంట నడచి, దిగువవారి బాధలు చూచితిమనిరి. చూచిన మాట నిజమైనచో దిగువ నీటిని నెలనెల పరీక్షించి, సోలిపేట జలాశయముకడ ఫలితమును తెలుగున పలకపై వ్రాయించుట యేమంత కష్టము? నూఱుకోట్ల యెకరముల లెక్కలో ఒక పలక ఖర్చెంత?

మన పట్టణపు కచేరీలును కదలినవే సుమా. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా యేర్పడినది. అంతకు పూర్వము కోదాడవారు కలెక్టరు సముఖమునకు నల్లగొండవఱకు పోవలసి వచ్చెడిది. నేడు సగము ప్రయాణమే. ఇది నిశ్చయముగ మేలు. మిర్యాలగూడవారు మాత్రము నల్లగొండకే పోవుచున్నారు. 2023 ఆగస్టు 20న మా సమీకృత కలెక్టరు కార్యాలయపు పెద్దభవనము తెఱవబడినది. అన్ని శాఖలును ఒక కప్పు క్రిందికి వచ్చినవి. కాగితము పట్టుకొని పదిచోట్ల తిరుగు బాధ తగ్గినది. అయితే ఊరినడుమ నున్న కచేరీలు ఊరిబయటికి పోయినపుడు ఏమి జరుగునో ఆడువారు ముందుగ తెలిసికొందురు.

మా వీధిలో ఒక ముసలమ్మ గలదు. భర్త పోయి చాలకాలమైనది. పింఛను కాగితమున ఆమె పేరులో నొక యక్షరము తప్పు పడినది. ఏ కచేరియో చెప్పము, వారిని నొప్పించుట మా పని కాదు. ఆ కచేరి అంగడివీధికడ నున్నప్పుడు ఆమె కూరగాయలు కొనబోవుచు దారిలో అడిగి వచ్చెడిది. అది దూరమునకు పోయిన పిదప ఆటో కెక్కవలె, ఆటో నిండువఱకు కాచుకొనవలె, పోయినచో భోజనవేళ, మరల రేపు. ఆ యొక్క యక్షరమునకు ఆమె నాలుగు మారులు తిరిగినది. నాలుగవ మారు మేము తోడు పోయితిమి. పని యైనది గాని, దారి పొడవునను ఆమె పోయిన రూపాయలనే లెక్కించుకొనుచుండెను. పాత కచేరి గేటుకడ అర్జీలు వ్రాయువాడు, ఛాయాప్రతులు తీయువాడు, చాయ కాచి యమ్ముకొను పిల్ల తల్లి వీరును చెదరిపోయిరి. కచేరి నొకచోటినుండి తీసినపుడు గోడలుమాత్రమే పోవునని పటము గీయువా రనుకొందురు. దాని చుట్టును అల్లుకొన్న పొట్టకూటి తీగయంతయు ఊడివచ్చును. చాదరుఘాటు, అఫ్జల్‌గంజి ప్రాంతములలో ఇట్టి తీగ యెంత గలదో! ఆసుపత్రి గేటుకడ గంజియు బ్రెడ్డును అమ్ముకొనుచు పిల్లలను చదివించుకొన్న స్త్రీలను మేమెఱుగుదుము.

మా సూర్యాపేటలో సద్దులచెఱువు గట్టును చిన్న ట్యాంకుబండుగ తీర్చిరి. సాయంకాలము పిల్లలతో పోయి కూర్చుండుటకు చోటు దొరకినది, మెచ్చదగినదే. మేమేటేట బతుకమ్మ నెత్తుకొని చెఱువునకే పోవుదుము. ఒడ్డు బాగుపడిన కొలది దానిపై కన్నులు పడును. నేడు పిల్లల ఊయల, రేపు ఒక ఫలహారశాల, ఎల్లుండి ప్రవేశరుసుము. అటుపిమ్మట తంగేడుపూలతో వచ్చిన పనికత్తె టిక్కెట్టు కొనవలసినచో ఆ గట్టు ఎవరిది? పట్టణమున కచేరీలు ఖాళీచేసిన పాతస్థలములను గూర్చియు ఇదే యడుగవలె. ఆడపిల్లల వసతిగృహమో, గ్రంథాలయమో, పురిటి ఆసుపత్రియో వచ్చునా, లేక వేలముపాట వచ్చునా? పురపాలక సంఘమున మన వార్డు ప్రతినిధులలో సగము మంది స్త్రీలు. వారి నడుగుట మనకు సులభము. భర్తల మాట వినుచున్నారో, తమ మాట చెప్పుచున్నారో అదియు తెలియును.

ఊరు నది నొడ్డున విడిచి పోవుట క్రొత్త గాదు. విష్ణుపురాణమున హస్తినాపురమును గంగ కోసివేయగా నిచక్నుడు రాజధానిని కౌశాంబికి మార్చుకొనునని కలదు. అది నది తరిమిన కథ. ఇచ్చట నది తరుమలేదు. నదికి ధర వచ్చినది. రెంటికిని భేదము కలదు.

కాగా ఆసుపత్రి తరలనిండు, న్యాయస్థానము తరలనిండు. ఖాళీయైన భవనములును నేలయు అందఱి పేరనే యుండవలె నని మా యభిప్రాయము. పాత న్యాయస్థానమును ఆ చింతచెట్టు గల యావరణమును గ్రంథాలయముగనో, ప్రదర్శనశాలగనో, ఆడువారు కొంతసేపు నీడన కూర్చుండు చోటుగనో ఉంచవచ్చును. ఒడ్డు విడువవలసివచ్చిన స్త్రీ యిండ్లలో పాచిపని చేయునదైనచో, ఆమెకిచ్చు క్రొత్తయిల్లు ఆ పనికి నడచిపోదగినంత దూరమున నుండవలె. పది మైళ్ళ యవతల రెండు గదు లిచ్చినచో ఆమె ప్రొద్దంతయు దారికే చాలదు. ఇవి పెద్ద కోరికలని మేమనుకొనము.

మిర్యాలగూడ సోదరీమణుల కొక మనవి. 2016 ఆగస్టున కృష్ణాపుష్కరములకు వాడపల్లి సంగమమున మనలో చాలమంది మునిగితిమి. మూసీ వైపు నీరెట్లున్నదో చూచియు కన్నులు మూసికొని మునిగితిమి. మరల పుష్కరములు 2028లో వచ్చును. ఈ యెండకాలమున వాడపల్లి పోయినవారు అచ్చట నీటి రంగు, వాసన, ఒడ్డున మెట్ల స్థితి మూడు పంక్తులలో వ్రాసి పంపుడు. కోదాడ, సూర్యాపేటలవారు తమ యూర ఏ కచేరి ఎచ్చటినుండి ఎచ్చటికి పోయినదో, పాతస్థలమున నేమున్నదో వ్రాయుడు. పేర్లు వలదనినచో అచ్చువేయము. వచ్చిన జాబులను రానున్న సంచికలో నిచ్చి, అప్పడముల సంగతి ఆ పిమ్మట వ్రాయుదుము.